మూసినవాడి బలం

"తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి" అని సామెత. వారసత్వం గురించి మనవాళ్ళు అన్న మాటల్లో ఇంత ముచ్చటైనది మరొకటి లేదు. నెయ్యి అయిపోయింది, తాత పోయాడు, మిగిలింది మూతి. ఆ మూతి చూపించుకుంటూ ఊరంతా తిరగడమే మన పని. అయితే ఈ సామెతలో ఓ చిన్న లోటు వుందని నాకెప్పుడూ అనిపిస్తుంది. తాతలు నేతులు తాగిన సంగతి అందరూ చెప్పుకుంటారు గానీ, ఆ నెయ్యి ఎవరి పాడిదో ఒక్కరూ అడగరు.

ఆస్తి పంపకాల దగ్గర చూడండి. పొలం గట్లు కొలుస్తారు, బంగారం తూస్తారు. ఇత్తడి గంగాళాల దగ్గరికొచ్చేసరికి తోడికోడళ్ళ మధ్య మాటలు ఆగిపోతాయి. అన్నీ అయ్యాక అటక మీద ఓ రేకుపెట్టె మిగులుతుంది. దానికి వాటాదారులుండరు. పగిలిన కళ్ళజోడు, నిలిచిపోయిన గడియారం, ఏ తాళానివో తెలియని తాళంచెవులు, తెరుచుకోని చాకులు... ఇవీ అందులో వుండేవి. పోయినవాళ్ళ విలువైన వస్తువులన్నీ మనం పంచుకుంటాం. పోయినవాళ్ళు మాత్రం ఆ పెట్టెలో మిగిలిపోతారు.

నేనిప్పుడు చెప్పబోయేది ఆ తెరుచుకోని చాకుల గురించి. ఆడదానివి, చాకులతో నీకేం పనమ్మా అంటారేమో. మూడు పూటలా కత్తితో పని చేసేది మేమే కదండీ! పాతికేళ్ళు కత్తిపీట ముందు కూర్చున్న ఇల్లాలికి పదును సంగతి తెలిసినంతగా, మీసం దువ్వే ఏ వీరుడికీ తెలియదు. కత్తి ఎప్పుడు తెగుతుందో ఆవిడకి తెలుసు. అంతకన్నా ముఖ్యం, ఎప్పుడు జారుతుందో తెలుసు.

ఖమ్మం నించి కొత్తగూడెం, పాల్వంచ దాటి భద్రాచలం వైపు వెడుతుంటే అడవి మొదలవుతుంది. ఆ అడవి అంచు ఊళ్ళలో కత్తి లేని ఇల్లంటూ వుండదు. వెదురు చీల్చడానికి ఒకటి, కంప కొట్టడానికి ఒకటి, కల్లు గీయడానికి మరొకటి. భుజాన గొడ్డలి లేకుండా అడవిలోకి వెళ్ళే మనిషిని చూడడం, చేతిలో సంచీ లేకుండా సంతకు పోయే ఇల్లాలిని చూడడం లాంటిదే. అక్కడ కత్తిని చూసి ఎవరూ ఉలిక్కిపడరు. అది చెయ్యికి పొడుగింపు, అంతే.

అయితే ఆ అంచు ఎప్పుడూ ఒక్కచోట నిలవలేదు. గోదావరికి ఆవలి గట్టు, భద్రాచలం వైపు, 1860లో నిజాం చేతి నించి ఇంగ్లీషువాళ్ళ చేతికి పోయింది. ఈవలి గట్టు నిజాం రాజ్యంలోనే వుండిపోయింది. 1953లో వరంగల్ జిల్లాని విడగొట్టి ఖమ్మం జిల్లా చేశారు. 1959లో తూర్పుగోదావరి నించి భద్రాచలం వచ్చి ఖమ్మంలో కలిసింది. 2014లో చుట్టుపక్కల మండలాలు కొన్ని ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. ఇన్ని గీతలు గీసినా, అడవి వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఆగలేదు. ఇల్లందులో బొగ్గు కోసం వచ్చినవాళ్ళు, కలప కోసం, వెదురు కోసం, బీడీలు చుట్టే తునికాకు కోసం వచ్చినవాళ్ళు. వాళ్ళతోబాటు అడవికి కొత్తవైన వస్తువులూ వచ్చాయి. వాటిలో ఒకటి మీట నొక్కితే తెరుచుకునే చాకు.

మా వదినగారి పుట్టిల్లు ఆ వైపే. వాళ్ళ తాతగారు కలప, తునికాకు కాంట్రాక్టులు చేసిన మనిషి. ఆయనకి చాకులంటే సరదాట. గని దొరల దగ్గర కొన్నవి కొన్ని, బొంబాయి వెళ్ళినప్పుడు తెచ్చినవి కొన్ని, ఎవరో బహుమతిగా ఇచ్చినవి కొన్ని. వదిన వాళ్ళ నాన్నగారు పోయాక పంపకాలు జరిగినప్పుడు అటక మీది పెట్టెలో పదకొండు చాకులు తేలాయి. ఏడు బాగానే తెరుచుకున్నాయి. నాలుగు బిగుసుకుపోయి వున్నాయి. వదిన తమ్ముడు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కుర్రవాడు. వాడికి ఆ ఏడింటి మీద కంటికూడా ఆనలేదు. చూపంతా తెరుచుకోని నాలుగింటి మీదే. మూసిన తలుపు అంటే మనిషికి వుండే మోజు అలాంటిది మరి.

వాడు స్క్రూడ్రైవర్ తెచ్చుకుని కూర్చునేసరికి, పక్కింటి పెద్దాయన చెయ్యి పట్టుకుని ఆపారు. ఆయన బొగ్గుగనుల వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి. "ముందు అదేమిటో తెలుసుకో బాబూ. తెరవడం తరవాత సంగతి" అన్నారు. పాత న్యూస్‌పేపరు పరిచి, నాలుగు చాకుల్నీ వరసగా పెట్టి, టార్చిలైటు వేసి చూడడం మొదలుపెట్టారు. డాక్టరు గారు నాడి చూసినంత శ్రద్ధగా చూశారు.

మొదటిది మీట చాకే కాదు. పిడి చివర వున్న రివెట్‌ని మీట అనుకుని కుర్రవాడు బొటనవేలు అరిగేలా నొక్కుతున్నాడు. అలుగు వీపు మీద సన్నటి గాడి వుంది. గోరు పెట్టి లాగడానికి చేసిన గాడి అది. అంటే చేత్తో తెరిచే మామూలు మడతచాకు, తుప్పు వల్ల బిగిసింది. రెండోది ఉత్తరాదిలో గరారీదార్ అనే రకం. తెరుస్తుంటే పళ్ళచక్రం మీద కొక్కెం జారుతూ కటకటమని చప్పుడు చేస్తుంది. అదీ చేత్తో తెరవవలసిందే. ఉత్తరప్రదేశ్‌లో రాంపూర్ ఈ మాదిరి చాకులకీ, మీట చాకులకీ పేరుపడ్డ ఊరు. మన పాత హిందీ సినిమాల్లో గూండాలందరికీ సరఫరా అక్కడినించే అనిపిస్తుంది. 1990లలో అక్కడి ప్రభుత్వం నాలుగున్నర అంగుళాలు దాటిన అలుగుతో చాకులు చేయకూడదని ఆంక్ష పెట్టేసరికి ఆ పనివాళ్ళ బతుకు సన్నగిల్లింది. 2023లో అదే ఊరి కూడలిలో 20 అడుగుల చాకు బొమ్మ నిలబెట్టారు. చెయ్యనివ్వని వస్తువుకి విగ్రహం కట్టడం మనకి కొత్తేమీ కాదు.

మూడోది నిజంగానే మీట చాకు. జర్మనీలో సోలింగెన్ అనే ఊరి పేరు దాని మీద వుంది. కత్తులకి ఇంగ్లండులో షెఫీల్డ్ ఎలాగో, జర్మనీలో సోలింగెన్ అలాగ. ఎంత నొక్కినా అది కదలలేదు. పెద్దాయన మీట పక్కన వున్న చిన్న జారుడు గొళ్ళాన్ని గోటితో వెనక్కి జరిపారు. అది జేబులో దానంతటది తెరుచుకోకుండా పెట్టిన కట్టుబాటు. "ఇది బిగుసుకోలేదు బాబూ. తెరుచుకోకపోవడం వేరు, తెరుచుకోవద్దని చెప్పి వుంచడం వేరు" అన్నారాయన. ఎన్ని కాపురాల్లో ఎంతమంది మనుషుల్ని మనం మొండివాళ్ళు, నోరు విప్పరు అనుకుంటామో గదా! ఎప్పుడో ఎవరో వేసిన గొళ్ళెం ఒకటుందేమో, జరిపి చూద్దామన్న ఆలోచనే రాదు.

నాలుగోది అసలైన బిగింపు. గొళ్ళెం జరిగింది, మీట లోపలికి పోయింది, అలుగు మాత్రం కదల్లేదు. ఇక్కడే పెద్దాయన ఓ మాట చెప్పారు. ఈ వ్యాసమంతా ఆ మాట కోసమే.

మీట చాకు తెరుచుకోవడానికి బలం ఎక్కడినించి వస్తుంది? నొక్కే బొటనవేలినించి కాదు. బొటనవేలు లోపలి కొక్కేన్ని తప్పిస్తుంది, అంతే. అలుగుని బైటికి తోసేది లోపలున్న స్ప్రింగు. ఆ స్ప్రింగుకి బలం ఎవరిచ్చారు? కిందటిసారి చాకు మూసినవాడు. మూసేటప్పుడు స్ప్రింగుకి ఎదురు నొక్కి, అలుగుని పిడిలోకి దించి, కొక్కెం పడేదాకా పట్టుకోవాలి. ఆ చేతి శ్రమ అంతా లోపల వుండిపోతుంది. మంచి ఉక్కయితే ఏళ్ళ తరబడి వుంటుంది. "మీ తాతగారు యాభై అరవయ్యేళ్ళ కిందట ఒకనాడు దీన్ని మూశారు. ఆయన చేతిబలం ఇందులో ఇంకా వుంది. తుప్పు దాన్ని పట్టుకుని ఆపుతోంది. నువ్వు స్క్రూడ్రైవర్ పెట్టి తుప్పు వదిలించావనుకో, ఆ బలం నీ వేళ్ళ మీదికి వస్తుంది" అన్నారు.

ఆ మాట వినగానే వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. నేనూ ఒక అడుగు వెనక్కి వేశానని వేరే చెప్పాలా?

తెరిచే పద్ధతి ఇదీ. చాకుని మందపాటి గుడ్డలో పట్టుకుని, అలుగు బైటికొచ్చే వైపు గోడకి తిప్పి వుంచారు. ఆ దారిలో వేలు గానీ మనిషి గానీ వుండకూడదు. అలుగు తిరిగే ఇరుసు దగ్గర రెండు చుక్కలు కిరసనాయిలు వేసి రెండు రోజులు వదిలేశారు. ఆ తరవాత కుట్టుమిషను నూనె. పిడి సందులో పేరుకున్న మట్టిని వెదురుపుల్లతో తీశారు గానీ ఇనుము పెట్టలేదు. సుత్తి దెబ్బలు లేవు, తన్నడం పొడవడం లేదు. రోజుకి రెండుసార్లు మీటని మెత్తగా నొక్కి వదిలేవారు. నాలుగో రోజు సాయంకాలం అలుగు సగానికి వచ్చి ఆగింది. ఇంకో చుక్క నూనె వేసి, గుడ్డతో వీపు పట్టుకుని మిగతా సగం ఆయనే తీసుకొచ్చారు. ఐదో రోజుకి 'టప్'మని తెరుచుకుంది. అంత చిన్న వస్తువులోంచి అంత పెద్ద చప్పుడా! వీధిలో పడుకున్న కుక్క లేచి నిలబడింది.

ఆ చప్పుడు వినే ప్రపంచం ఒకప్పుడు బెదిరిపోయింది. 1890లలో అమెరికాలో జార్జ్ ష్రేడ్ అనే ఆయన మీట చాకుని పెద్ద ఎత్తున చేయించి అమ్మినప్పుడు అది ఒంటి చేత్తో పని జరిగే సదుపాయంగానే అమ్ముడుపోయింది. రెండో ప్రపంచయుద్ధంలో విమానాల నించి దూకే సైనికులకి మీట చాకులిచ్చారు. పారాచూట్ తాళ్ళలో ఒక చెయ్యి ఇరుక్కుంటే రెండో చేత్తో తెరిచి కోసుకోవాలని. యుద్ధం అయ్యాక అవే చాకులు కుర్రకారు జేబుల్లోకి, సినిమా తెర మీదికి వచ్చాయి. 1955లో వచ్చిన 'రెబెల్ వితౌట్ ఎ కాజ్'లో ఇద్దరు కుర్రవాళ్ళు వాటితో తలపడే ఘట్టం వుంది. 1958లో అమెరికా, 1959లో బ్రిటన్ మీట చాకుల మీద చట్టాలు చేశాయి. 1980లో ఢిల్లీ పాలకవర్గం 7.62 సెంటీమీటర్లు, అంటే 3 అంగుళాలు, అంతకుమించి అలుగున్న బటన్‌దార్, గరారీదార్ చాకుల మీద కట్టడి పెట్టింది.

వంటింటి కత్తిని ఎవరూ నిషేధించలేదు. గొడ్డలినీ నిషేధించలేదు. అవి చెయ్యలేని ఘోరం ఏమైనా వుందా అంటే, లేదు. మరి మీట చాకు మీదే ఎందుకింత కోపం? నాకు తోచింది చెబుతాను. గొడ్డలి ఎత్తాలంటే భుజం కావాలి. మడతచాకు తెరవాలంటే రెండు చేతులు, ఒక గోరు, కాసేపు నిదానం కావాలి. కోపంతో వణికే చేతికి ఆ గోటిగాడి అంత తొందరగా దొరకదు. ఆ వెతుకులాటలో ఒక్క క్షణం గడుస్తుంది. ఎన్ని ప్రాణాలు ఆ క్షణంలో దక్కివుంటాయో ఎవరు లెక్కపెట్టారు? మీట చాకు ఆ క్షణాన్ని మింగేస్తుంది. తలపుకీ చేతకీ మధ్య వుండవలసిన దూరాన్ని బొటనవేలంత చేస్తుంది.

అమెరికా చట్టంలోనే ఒక మినహాయింపు వుంది. 3 అంగుళాలకి మించని అలుగున్న మీట చాకుని, ఒంటి చెయ్యి మనిషి మాత్రం దగ్గర వుంచుకోవచ్చు. చట్టాలు రాసేవాళ్ళలో కూడా ఒక్కోసారి మనసున్నవాళ్ళు వుంటారనిపించింది ఇది తెలిశాక. ఒక చెయ్యి లేనివాడికి సులువు అవసరం. రెండు చేతులూ వున్నవాడికి అది సరదా. ఒకే వస్తువు ఒకడికి చెయ్యి అవుతుంది, ఇంకొకడికి చేటు అవుతుంది.

మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ఇంకో దారిన పోయింది. ఇంటిపనికీ వ్యవసాయానికీ మాత్రమే చేసిన వస్తువుల్ని అది ఆయుధాల లెక్కలోంచి తీసేసింది. దాని కింద చేసిన నియమాలు, 9 అంగుళాలకి మించి పొడవో 2 అంగుళాలకి మించి వెడల్పో వున్న అలుగుల్ని ఆయుధాలంటూనే, ఇంటికీ పొలానికీ పనికొచ్చేవాటిని మళ్ళీ వదిలేశాయి. అంటే చట్టం ముందుగా వస్తువునడిగే ప్రశ్న "నువ్వెంత పదును?" అని కాదు, "నిన్నెందుకు చేశారు?" అని. వెదురు కొట్టే మనిషి చేతిలో మూరెడు కత్తి పనిముట్టు. అది ధర్మంగానే వుంది. కానీ వారసత్వంగా వచ్చిన వస్తువు దగ్గర ఆ ప్రశ్న ఒక్కటీ చాలదని నాకు ఆ పెట్టె అడుగు చూశాక అర్థమైంది.

పెట్టె అడుగున పన్నెండో కత్తి ఒకటి వుంది. మీటా లేదు, మడతా లేదు. ఊరి కమ్మరి కొట్టిన ఇనుప కత్తి, అరిగి నున్నబడ్డ కర్రపిడి. దానికి పురికొసతో ఒక అట్టముక్క కట్టివుంది. అట్ట మీద ఒక కోయ మనిషి పేరు, ఊరి పేరు, 12 రూపాయలు అన్న అంకె. తాతగారు సరదాపడి కొన్నది కాదది. అప్పుకి కుదువ పెట్టుకున్నది.

అందరూ కాసేపు మాట్లాడలేదు. ముందు తేరుకున్నది వదిన వాళ్ళ అన్నగారు. "మనం తీసుకున్నామా? తాత తీసుకున్నాడు. ఆయన లేడు, ఇచ్చినవాడూ లేడు. ఇంత చిన్న కత్తికి ఇంత రాద్ధాంతమా?" అన్నారు. లోకజ్ఞానం వున్న మాట. కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు. వదిన మాత్రం ఆ కత్తిని చేతిలో తిప్పుతూ, "తాతగారి పొలం మాత్రం మనదైంది కదన్నయ్యా" అంది.

1986 నాటి చట్టం వల్ల ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, 2005లో దేశమంతటా, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో ఆడపిల్లకి మగపిల్లవాడితో సమాన వాటా వచ్చింది. వాటాతోబాటు ఇలాంటి ప్రశ్న అడిగే నోరు కూడా వచ్చిందని ఆ చట్టం రాసినవాళ్ళు ఊహించారో లేదో! ఆ 2005 చట్టమే ఇంకో పని కూడా చేసింది. తండ్రి, తాత, ముత్తాత చేసిన అప్పు తీర్చడం కొడుకుల ధర్మం అన్న పాతకాలపు నియమం ఆధారంగా, ఆ తరవాత చేసిన అప్పుల్ని కోర్టుకెక్కి వసూలు చేసుకునే దారి మూసేసింది. మంచిదే. ఎవరో తాగిన తాగుడికి ఎవరో ఇల్లమ్ముకోవడం న్యాయం కాదు. కానీ తాత తీసుకున్న అప్పు నాది కాదని తప్పుకున్నంత తేలిగ్గా, తాత పట్టుకున్న కుదువ నాదేనని వుంచుకోవచ్చా? అత్తసొమ్ము అల్లుడు దానం చేస్తే నవ్వుతాం. అట్టేపెట్టుకుంటే ఏమంటాం?

ఆ అడవి అంచున ఇది కత్తితో ఆగే ప్రశ్న కాదు. హైమన్‌డార్ఫ్ అనే పరిశోధకుడు నిజాం రాజ్యంలోని కొండరెడ్ల మధ్య తిరిగి, 1945లో వాళ్ళ గురించి పుస్తకం వేశాడు. కలప కాంట్రాక్టర్ల దగ్గర అప్పుపడి వెట్టిచాకిరీ చేసే సంగతి ఆయన రాతల్లో వుంది. అడవి సరుకు గిట్టుబాటు ధరకి కొని, ఉప్పూ పప్పూ సరసమైన ధరకి ఇవ్వడానికి 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టవలసి వచ్చిందంటేనే, అంతకుముందు ఏ ధరలు నడిచాయో ఊహించుకోవచ్చు. ఇక 1970లో వచ్చిన, అందరూ 1/70 అని పిలిచే భూబదలాయింపు నిబంధన వుంది చూశారూ, అది ఇంకా సూటిగా అడుగుతుంది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో భూమి వుంటే, అది అతనికో అతని ముందువాడికో గిరిజనుడి దగ్గరినించే వచ్చిందని భావిస్తారు. అలా కాదని రుజువు చేసుకోవలసింది అనుభవిస్తున్నవాడే.

చట్టం తెలియని రోజుల్లో అది నాకు చాలా కటువుగా తోచేది. ఏ పాపం ఎరగని మనవడు తాత సంగతి ఎలా రుజువు చేస్తాడు పాపం అనుకునేదాన్ని. పెద్దాయన చెప్పిన స్ప్రింగు సంగతి విన్నాక మరోలా కనిపించింది. పాపం వారసత్వంగా రాదు. తాత చేసినదానికి మనవడిని దోషి అనడం అన్యాయమే, ఎవరన్నా నేను ఒప్పుకోను. కానీ బలం వస్తుంది. పొలంలో, ఇంటిపేరులో, ఊళ్ళో పలుకుబడిలో, తరతరాల పగలో, ఎవరో ఎప్పుడో నొక్కిపట్టి మూసిన బలం వుంటుంది. మనం చేసేదల్లా బొటనవేలు కదపడమే. తలుపులు తెరుచుకుంటే అది మన గొప్పే అనుకుంటాం. ఎవరికైనా తెగితే, "నేనేం చేశాను, ఊరికే నొక్కాను" అంటాం. రెండూ నిజమే. అందుకే ముందు తెలుసుకోవాలి. ఎక్కడ చేశారు, ఎందుకు చేశారు అన్నవాటి తరవాత మూడో ప్రశ్న అడగాలి: నా చేతికి ఎలా వచ్చింది?

వదినా, తమ్ముడూ కలిసి అట్ట మీది ఊరికి వెళ్ళారు. ఆ మనిషి మనవడు దొరికాడు. నడివయసువాడు. కత్తి అందుకుని, బొటనవేలితో అంచు అడ్డంగా తడిమి చూసి, ఇనుము మంచిదే అన్నాడు. కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడనో దండం పెడతాడనో వీళ్ళు అనుకున్నారేమో, అలాంటిదేమీ జరగలేదు. "కత్తి సరే గానీ అమ్మా, పుస్తకంల మా తాత లెక్క కొట్టేసిన్రా?" అన్నాడు.

ఆ ప్రశ్న వీళ్ళకి తోచనే లేదు! కత్తి తిరిగిచ్చేస్తే అయిపోయిందనుకున్నారు. తాకట్టు పెట్టినవాడి మనవడికి తెలుసు, కత్తి ఇచ్చినా కాగితం మిగులుతుందని. కాగితాలతో ఆ ఊళ్ళకి వున్న పరిచయం అలాంటిది.

ఇంటికొచ్చి చిట్టా పుస్తకం వెతికారు. అదీ పెట్టెలోనే, వానకి తడిసి ఆరి పేజీలు అతుక్కుపోయి వుంది. మళ్ళీ పెద్దాయనే, మళ్ళీ వెదురుపుల్లే. ఒక్కో కాగితం విడదీయడానికి వారం పట్టింది. ఆ పేరు దొరికింది. 12 రూపాయలూ వెదురు కొట్టిన రోజుల కూలి కింద జమ అయి, అడ్డగీత కొట్టి వుంది. అప్పు తీరింది. కత్తి మాత్రం తిరిగివెళ్ళలేదు. మరిచిపోయారో, ఇంకో అప్పుకి అట్టేపెట్టారో, అతనే అడగడానికి భయపడ్డాడో, చిట్టాలో వుండదు కదా. వదిన ఫోన్‌లో ఆ పేజీ చదివి వినిపించింది. అవతలి మనిషి అంతా విని, "అట్లనా. మిగతా పేర్లు గూడ చదువుండ్రి" అన్నాడు.

మిగతా పేర్లు చాలా వున్నాయి. కొన్నిటికి అడ్డగీత వుంది, కొన్నిటికి లేదు. రెండు మూడు చోట్ల పేరు పక్కన రూపాయల బదులు కుంటల లెక్క వుంది. అన్నగారు ఆ పుస్తకాన్ని కట్టేసి అటక మీద పెట్టమంటున్నారు. వదిన పెట్టనంటోంది. ఈ ముక్క రాసేనాటికి ఆ పుస్తకం ఆవిడ బీరువాలో వుంది. అన్నాచెల్లెళ్ళ మధ్య మాటలు తగ్గాయి. ధర్మం వైపు ఒక అడుగు వేస్తే ఇల్లంతా పూలవాన కురుస్తుందని నవలల్లో మేం రాస్తాం గానీ, అసలు సంగతి మాత్రం ఇలా వుంటుంది.

మీ అటక మీద కూడా ఓ పెట్టె వుండే వుంటుంది. దించండి. దించకపోవడం కూడా ఒక పద్ధతే గానీ, తుప్పు ఎన్నాళ్ళు ఆపుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు. మీ తరవాత మీ పిల్లలు స్క్రూడ్రైవర్ పట్టుకుని కూర్చోవచ్చు. మీరే ముందు టార్చిలైటు వేసి చూడండి. గొళ్ళెం ఏమైనా వుందేమో జరపండి. చుక్క నూనె వేసి నాలుగు రోజులు ఓపిక పట్టండి. అంచు మనుషుల వైపు లేకుండా చూసుకోండి. పెద్ద అలుగైతే చట్టం తెలిసినవాళ్ళని అడగండి, జేబులో వేసుకుని ఊరేగకండి. అన్నిటి అడుగునా పురికొసతో కట్టిన అట్టముక్క వుందేమో మాత్రం తప్పకుండా చూడండి.

తెరుచుకున్నాక చాకుని మళ్ళీ మూయాలి కదా. అప్పుడు స్ప్రింగు మీ అరచేతికి ఎదురుతిరుగుతుంది. నొక్కిపట్టి, కొక్కెం పడిన చప్పుడు వినేదాకా వుంచాలి. అక్కడినించి అందులో వున్నది తాతగారి బలం కాదు, మీది.